కూరమడిలో తుంగవేరు

కూరమడి పెట్టిన ప్రతి యింటికి తుంగతో పరిచయము తప్పదు. వంగనారు నాటి వారము దినములు గడవక ముందే మొక్కకు మొక్కకు నడుమ సూదిమొనల వంటి పచ్చని మొలకలు తలలెత్తును. వంగి లాగినచో ఆకులు చేతికి వచ్చును. గడ్డ నేలలోనే నిలిచిపోవును. నాలుగు దినములైన పిమ్మట అదే చోట మరల మొలక కనిపించును. పారతో త్రవ్వినచో ఒక మొలక యున్న చోట నాలుగు లేచును. నరికిన కొలది బలపడు ఇట్టి కలుపు పెరటిలో మరియొకటి లేదు.

వినాయకచవితికి గరిక కావలెను. పితృకార్యమునకు దర్భ కావలెను. జ్వరము వచ్చిన వానికి కషాయము కాచుటకు తుంగముస్త కావలెను. మన పెద్దలు ఆదరించిన ఈ మూడు గడ్డిజాతులును మడిలోనికి వచ్చినప్పుడు మాత్రము వేరు విడువని మొండికలుపు మొక్కలే. మూడింటిలోను కూరమడికి అధికమైన కీడు చేయునది తుంగ. దాని చరిత్రను శృంగవరపుకోట పరిసరములను ఎదుట పెట్టుకొని కొంత పరిశీలింపవలెనని మా ఉద్దేశము. తుంగను అణచు ఉపాయము మన రైతునకు తెలియక పోలేదు. ఆ ఉపాయమునకు వ్యవధి కావలెను. ఆ వ్యవధి రైతు చేతిలో నుండెనా అన్నదే మేము ఇచ్చట విచారింపదలచిన ప్రశ్న.

శృంగవరపుకోట తూర్పు కనుమల పాదమున, అనంతగిరి కొండల నెక్కి అరకు పోవు దారిలో, విశాఖపట్టణమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున నున్నది. పూర్వము ఇది విశాఖపట్టణము జిల్లాలో తాలూకా కేంద్రము. 1979 జూన్ 1వ తేదీన విజయనగరము జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినది. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని నది ఈ ప్రాంతము మీదుగా పారి భీమునిపట్టణము కడ సముద్రమున కలియుచున్నది. 1960లలో తాటిపూడి వద్ద దానికి అడ్డముగా జలాశయమును నిర్మించిరి. ఇచ్చటివి చాలవరకు ఎఱ్ఱ గరప నేలలు. నీరు నిలువక, గాలి చొరబడి, త్రవ్వుటకు సులువైన నేలలు. బావుల క్రింద వంగ, బెండ, మిరప, ఆనప, బీర మొదలైనవి చక్కగా పండును. అయితే వంగకు నచ్చిన నేలయే తుంగకును నచ్చును. తడి, ఎరువు, ఎండ అను మూడింటిని కూరమడి తుంగకు ఎదురు తీసికొనిపోయి ఇచ్చుచున్నది.

ఈ మొక్క బలమంతయు నేల క్రింద నున్నది. చాపలల్లు పొడవైన తుంగ వేరు. మడిలోని తుంగ వేరు. మడిలో మొలచు ఈ చిన్న తుంగకు భద్రముస్త అని సంస్కృతనామము. ఇది విత్తనముల వలన వ్యాపించుట చాల తక్కువ. మొలక అడుగున చిన్న ఉబ్బు ఏర్పడును. అందుండి సన్నని తీగవేళ్లు ప్రక్కలకు సాగును. వాని కొనలయందు నల్లని గడ్డలు కట్టును. ఆ గడ్డల నుండి మరల వేళ్లు, మరల గడ్డలు. ఈ విధముగా నేలలో జపమాల వలె ఒక గొలుసు అల్లుకొనును. గొలుసు తెగకుండ ఉన్నంతవరకు కొననున్న గడ్డయే మొలకెత్తును, తక్కినవి నిద్రించుచుండును. పార తగిలి గొలుసు ముక్కలైనప్పుడు నిద్రించు గడ్డలన్నియు ఒక్కసారి మేల్కొనును. పెరటిలో ఒకసారి త్రవ్వి విడిచిన చోట తుంగ నాలుగింతలగుటకు కారణము ఇదియే. గడ్డలలో అధికభాగము నేలపైపొర జానెడు లోతులోపలనే యుండును. కొన్ని మాత్రము అంతకంటె లోతునకు దిగి, పైన ఎంత దున్నినను చెక్కుచెదరక కాచుకొనియుండును.

మొదట మనుష్యుడు ఈ గడ్డను శత్రువుగా చూడలేదు. ఆఫ్రికాఖండమున సూడాను దేశములో, తెల్ల నైలునది తీరమందలి అల్ ఖిదాయ్ అను చోట పురాతత్త్వజ్ఞులు ప్రాచీన మానవుల అస్థిపంజరములను త్రవ్వి తీసిరి. ఆ దంతములపై పేరుకొనిన పాచిని పరీక్షించి 2014లో తమ ఫలితములను ప్రకటించిరి. వ్యవసాయము పుట్టక పూర్వము నుండి, పుట్టిన తరువాతను, సుమారు 7,000 సంవత్సరముల పాటు ఆ ప్రాంతపు జనులు తుంగగడ్డలను తినినట్లు తేలినది. వారి దంతములలో పుచ్చు తక్కువగా నుండుటకు ఈ గడ్డలోని గుణము కారణము కావచ్చునని కూడ ఆ పండితులు తలంచిరి. నేడు మనము పీకి పారవేయు గడ్డ ఒకనాడు మానవులకు ఆహారమై యుండెను.

మన వాఙ్మయమున దీనికి గౌరవమైన స్థానమే యున్నది. కాళిదాసు శాకుంతలమున రెండవ అంకములో, వేట మానుకొనిన దుష్యంతుడు అడవిపందులు ఇక మడుగులలో నిర్భయముగా ముస్తలను పెల్లగించుకొనవచ్చునని చెప్పును. ముస్తకు తడినేల ఇష్టమనియు, పందికి ముస్త ఇష్టమనియు ఆ కవికి తెలియును. చరకసంహిత జీర్ణశక్తిని పెంచు ఓషధులలో ముస్తను శ్రేష్ఠమని ఎంచినది. జ్వరపీడితులకు వైద్యులిచ్చు షడంగపానీయమున ముస్త ఒకటి. మన యిండ్లలో నలుగుకు చేసికొను సున్నిపిండిలో కచ్చూరములతో పాటు తుంగముస్తలను కలుపుట నిన్నమొన్నటి వరకును వాడుక. పెరటి చెట్టు మందునకు పనికిరాదను సామెత తుంగ విషయమున అక్షరాల సత్యము. పెరటిలో దానిని తిట్టుచు పీకినవారే అంగడికి పోయి ఎండిన ముస్తలను వెలయిచ్చి కొనుచుందురు.

మిత్రుడు శత్రువైనది మనుష్యుడు నేలను మడులుగా కట్టి నీరు పెట్టుట మొదలిడిన తరువాత. అడవిలో నీడ తుంగను అణచును. పందులు గడ్డలను తినును. మడిలో నీడ లేదు, పంది రాకుండ కంచె యున్నది. చెరువుమట్టిని పొలమునకు తోలినప్పుడు అందులో గడ్డలు వచ్చును. నారుతో పాటు మట్టిలో వచ్చును. నాగలి చాలునకు తగిలి ఒక చెక్క నుండి మరియొక చెక్కకు పోవును. ఈ విధముగా వ్యవసాయము ఎచ్చటికి పోయిన తుంగయు అచ్చటికి పోయినది. 1977లో హోమ్ అను అమెరికను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ప్రపంచములోని కలుపుమొక్కలను గూర్చి ఒక బృహద్గ్రంథమును ప్రకటించిరి. 92 దేశములలో, 52 పంటలలో కలుపుగా కనిపించిన తుంగకు అందులో ప్రథమస్థానము లభించినది. ద్వితీయస్థానము మన గరికది.

ఈ శత్రువును మన రైతులు ఎట్లెదుర్కొనిరి? కృషిపరాశరమను ప్రాచీన సంస్కృతగ్రంథమున పైరులో కలుపు తీయుటకు ప్రత్యేకముగా ఒక ప్రకరణమే కలదు. మన పల్లెలలోని ఉపాయము రెండు భాగములు. మొదటిది వేసవి దుక్కి. మడి ఖాళీగా నున్న చైత్రవైశాఖములలో నేలను తిరుగవేసి గడ్డలను ఎండకు పెట్టుట. తుంగగడ్డ నీటిలో మునిగినను చావదు గాని, తేమ పోయి ఎండినచో చచ్చును. మండుటెండలో కొన్ని దినములు నేలపై పడియున్న గడ్డ మరల మొలవదు. రెండవది పైరు కాలమున మరల మరల కలుపు తీయుట. దుక్కి పురుషుల పని. కలుపు స్త్రీల పని. వరుసగా కూర్చుండి, బొరిగెతో మొక్క మొదలు చుట్టు పెల్లగించి, గడ్డను తీసి కొంగున వేసికొని, గట్టు మీద ఎండకు పోయుట. ఆ పనికి తోడుగా పాట యుండెడిది. పంట లెక్కలలో విత్తనము, ఎరువు, నీరు కనిపించును గాని, నడుము వంచి దినమంతయు సాగించిన ఈ కూలి కనిపించుట అరుదు. నిజమునకు కూరమడిలో పంట నిలుచుట ఆ చేతుల మీదనే ఆధారపడి యుండెను.

ఆధునిక శాస్త్రము ఈ పల్లెటూరి పద్ధతిని త్రోసివేయలేదు. దానికి లెక్క కట్టినది. 1925లో బొంబాయి ప్రాంతపు వ్యవసాయశాస్త్రజ్ఞులు రానడే, బర్న్స్ అనువారు తుంగ నిర్మూలనమును గూర్చియే ఒక విస్తృతమైన పరిశోధనగ్రంథమును ప్రకటించిరి. 1930లలో అమెరికాలోని అలబామా రాష్ట్రమున జరిగిన పరిశోధనలు ఇంకొక మెట్టు ముందునకు పోయినవి. గడ్డ మొలకెత్తినప్పుడు తనలోని నిలువ ఆహారమును ఖర్చు పెట్టును. ఆకులు పెరిగి ఎండను త్రాగుట ప్రారంభించిన కొన్ని వారములకు గాని క్రొత్త గడ్డలను కట్టదు. కావున మూడు వారములు మించకుండ ప్రతిసారియు నేలను కదలించి మొలకను తీసివేసినచో గడ్డకు ఖర్చే గాని రాబడి యుండదు. ఈ విధముగా రెండు సాగుకాలములు విడువకుండ చేసినచో తుంగ దాదాపు నశించునని అలబామా ప్రయోగములు చూపినవి.

ఈ లెక్కలో ముఖ్యమైన మాట "రెండు సాగుకాలములు" అన్నది. ఒక్కసారి దున్ని విడుచుట కంటె అసలు దున్నకుండుటయే మేలు. ఏలయన సగము పని తుంగను పెంచును. ఒక సంవత్సరము శ్రమించి రెండవ సంవత్సరము మానినచో మొదటి సంవత్సరపు శ్రమ వృథా. అనగా ఈ సంవత్సరము పెట్టిన కూలికి ఫలము పై సంవత్సరమున, ఆ పై సంవత్సరమున లభించును. పై సంవత్సరము ఆ మడి తనదే యగునని నమ్మకమున్న వాడే ఆ కూలి పెట్టగలడు. ఇచ్చట తుంగ చరిత్ర భూమిహక్కుల చరిత్రతో ముడిపడుచున్నది.

శృంగవరపుకోట ప్రాంతము విజయనగర సంస్థానపు ఏలుబడిలోనిది. 1794 జూలై 10వ తేదీన పద్మనాభము కడ జరిగిన యుద్ధమున చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యముతో పోరాడి మరణించెను. అటుపిమ్మట ఆయన కుమారుడు నారాయణ గజపతితో కంపెనీవారు ఒడంబడిక చేసికొనిరి. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చినది. జమీందారు కంపెనీకి చెల్లింపవలసిన పేష్కషు శాశ్వతముగా స్థిరపడినది. రైతు జమీందారునకు చెల్లింపవలసిన దానికిని, రైతు నేలపై నిలుచుటకును అట్టి స్థిరత్వము లభించలేదు. గ్రామములను కొద్దికాలపు ఇజారాలకిచ్చుట ఈ జమీందారీలలో పరిపాటి. ఇజారాదారుని గడువు కొద్ది. అతని చూపు ఆ గడువు దాటి పోదు. వాని క్రింది రైతు చూపు ఇంకెంత దూరము పోగలదు? బాగుచేసిన నేలకు శిస్తు పెంచుదురన్న భయమున్న చోట, గడ్డ గడ్డయు ఏరి మడిని శుభ్రపరచువాడు ఎవ్వడు? ఈ సంగతి ఏ దస్తావేజులోను వ్రాసియుండదు. తుంగ స్వభావమును, కౌలు స్వభావమును ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మాకు తోచిన అనుమానము ఇది.

1908లో మద్రాసు ఎస్టేట్ల భూమిచట్టము వచ్చి జమీందారీ రైతునకు తన నేలపై స్థిరమైన సాగుహక్కును ఒప్పుకొనినది. నూరేండ్ల తరువాత రైతునకు పై సంవత్సరమును గూర్చి ఆలోచించుటకు చట్టము వీలు కల్పించినది. అయినను శిస్తుల బాధ, వివాదములు తీరలేదు. 1937లో ఏర్పడిన మంత్రివర్గమున రెవిన్యూమంత్రిగా నుండిన టంగుటూరి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన ఒక విచారణసంఘము జమీందారీ రైతుల స్థితిగతులను పరిశీలించి 1938లో నివేదిక సమర్పించినది. తుదకు 1948 నాటి చట్టముతో ఎస్టేట్లు రద్దయి రైతువారీ పద్ధతి వచ్చినది. పట్టా పొందిన రైతునకు మడి తనదైనది. కాని రైతు క్రింద కౌలుకు చేయువానికి, కలుపు తీయు కూలికి ఆ పట్టాలో చోటు లేదు.

ఇదే తీరములోని కూలిజనమును గూర్చి ఇంకొక మాట చెప్పక తప్పదు. 19వ శతాబ్దిలో విశాఖపట్టణము, గంజాము జిల్లాల నుండి వేలకొలది తెలుగువారు ఒప్పందపు కూలీలుగా సముద్రము దాటిపోయిరి. 1830ల నుండి మారిషస్‌కును, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకును, మరికొన్ని దేశములకును పోయిరి. అచ్చటి చెరకుతోటలలో వారికప్పగించిన పనులలో పారపని, కలుపు ముఖ్యమైనవి. నేటాలు ఒప్పందము అయిదేండ్లది. ఎన్ని గడ్డలు తీసినను నేల తోటదొరదే. స్వదేశమునందు తనది కాని మడిలో కలుపు తీసిన చేతులు పరదేశమున తనది కాని తోటలో కలుపు తీసినవి. ఆ ఒప్పందము ముగిసిన తరువాత నేటాలులో నిలిచిపోయిన మన దేశీయులు అనేకులు చిన్న చిన్న చెక్కలను కౌలునకో, కొనుగోలునకో తీసికొని కూరతోటలు వేసి, ఆ దేశపు పట్టణములకు కూరగాయలు అందించువారైరి.

20వ శతాబ్ది చివరిభాగమున శ్రమకు బదులుగా మందు వచ్చినది. 1970లో అమెరికాలోని మోన్సాంటో కంపెనీకి చెందిన జాన్ ఫ్రాంజ్ గ్లైఫోసేట్ అను పదార్థమునకు కలుపును చంపు గుణమున్నట్లు కనుగొనెను. 1974లో అది అంగడికి వచ్చినది. ఆకుపై చల్లిన మందు వేరునకు దిగి గడ్డను చేరును గనుక తుంగకు ఇదియే బ్రహ్మాస్త్రమని అనేకులు తలచిరి. కాని గొలుసులో నిద్రించుచున్న గడ్డకు మందు సరిగా చేరదు. ఆ గడ్డ తరువాత మెల్లగా మొలచును. మందు మరల కావలెను. పైగా ఆ మందునకు వంగ, బెండ అను భేదము లేదు. పచ్చని దానినెల్ల చంపును. కావున కూరమడిలో పైరున్నప్పుడు అది పనికిరాదు. మనుష్యుల ఆరోగ్యమునకు కలుగు ప్రమాదములను పేర్కొనుచు, 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము దీని వాడకమును పురుగు నివారణ వృత్తినిపుణులకు మాత్రమే పరిమితము చేయు ఉత్తరువును వెలువరించినది. కలుపుకూలి దొరకుట లేదన్న కారణమున మందును ఆశ్రయించిన రైతును మేము నిందింపము. కాని రెండేండ్ల పనిని రెండు గంటలలో ముగింపవచ్చునన్న ఆశ తుంగ విషయమున నెరవేరలేదని చెప్పక తప్పదు.

కౌలుదారుని సంగతికి వత్తము. 1956లో వచ్చిన ఆంధ్రప్రాంత కౌలుచట్టము కౌలునకు కనీసపు గడువును, మితమైన మక్తాను నిర్ణయింపజూచినది. అయితే పల్లెలలోని కౌళ్లు చాలవరకు నోటిమాట మీద నడచునవి; చట్టపు గడువు వానికి అందలేదు. కాగితము వ్రాసినచో హక్కు పోవునన్న భయము భూయజమానిది. కాగితము అడిగినచో మడి పోవునన్న భయము కౌలుదారునిది. ఆ భయమును పోగొట్టి కౌలుదారునకు అప్పు, బీమా అందునట్లు చేయుటకై 2019లో ఆంధ్రప్రదేశమున పంట సాగుదారుల హక్కుల చట్టము చేయబడినది. దాని ప్రకారము వ్రాసికొను ఒప్పందము 11 నెలలది. అప్పునకు, బీమాకు 11 నెలలు చాలవచ్చును. తుంగకు చాలవు. మొదటి వేసవిలో దున్ని ఎండబెట్టినవాడు కౌలుదారుడు. రెండవ వేసవి ఎవరిది? ఇది తేలనంతవరకు అతడు మొలకను కోయును గాని గడ్డను తీయడు. అందులకు అతనిని సోమరి యనుట న్యాయము కాదు. తన గడువునకు తగిన పని అతడు చేయుచున్నాడు. నేలలోని గడ్డ తన గడువునకు తగినట్లు పెరుగుచున్నది.

కావున మా సూచనలు రెండు. మొదటిది సాగుచేయువారికి. వేసవిలో మడి ఖాళీ అయిన వెంటనే తడి పెట్టక లోతుగా తిరుగవేసి, ఏరగలిగిన గడ్డలను ఏరి ఎండబెట్టవలెను. తొలివానకు మొలచిన తుంగను మూడు వారములలోపున పెల్లగించి, నాటు వేయుటకు ముందు ఇంకొక పర్యాయము అట్లే చేయవలెను. తుంగకు నీడ గిట్టదు గనుక జనుము గాని, పిల్లిపెసర గాని, గుబురుగా అల్లుకొను చిలగడదుంప గాని ఒక కాలము వేసి నేలను కప్పవలెను. పీకిన గడ్డలను గట్టుమీద పచ్చిగా వదలరాదు, పేడకుప్పలో వేయరాదు. ఇతరుల మడి నుండి తెచ్చిన నారు మొదలును, చెరువుమట్టిని చూచి మరీ వాడవలెను. రెండవ సంవత్సరమున తుంగ పలుచబడినది గదా యని ఊరకుండరాదు. ఆ సంవత్సరమే అసలైనది.

రెండవ సూచన నేల గలవారికి. కూరమడిని కౌలునకిచ్చువారు మూడేండ్లకు తక్కువ కాకుండ మాట ఇచ్చుట వారికే లాభము. మూడేండ్ల గడువు దొరికిన కౌలుదారుడు గడ్డను తీయును. గడువు ముగిసిన పిమ్మట శుభ్రమైన నేల యజమానికే దక్కును. ఏటేట మనిషిని మార్చు యజమానికి ఏటేట తుంగ పెరిగిన మడి తిరిగివచ్చును. శృంగవరపుకోట దారిలో తెల్లవారుజామున విశాఖపట్టణమునకు పోవు కూరగంపలను చూచునప్పుడు వానిని పండించిన చేతులు ఆ మడిలో పై యేటికి ఉండునో లేదో అన్న సంగతి కొనువారి తలపునకు రాదు. మడిలోని తుంగను చూచినచో కొంతవరకు తెలిసికొనవచ్చును.